నెలకు రెండు వేలకు తలూపకు

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

కోర్టు చుట్టూ తిరిగి తిరిగి మూడు లక్షలకు డిక్రీ, అంటే బాకీ కట్టాలని కోర్టు తీర్పు, తెచ్చుకున్నావు, సంతోషం. ఇప్పుడు నీకు బాకీ ఉన్న ఆ మనిషి గాజువాకలో నీ షాపుకొచ్చి "నెలకి రెండేసి వేలు కడతానమ్మా" అంటుంటే నువ్వు జాలిపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఊ అనే ముందు ఒక లెక్క చూసుకో తల్లీ.

తీర్పు తర్వాత వడ్డీ 6 శాతం అన్నావు. మూడు లక్షల అసలు మీద ఏడాదికి 18,000, నెలకు 1,500. డిక్రీలో వేరే మాట లేకపోతే, కట్టిన డబ్బు ముందు వడ్డీకీ ఖర్చులకీ పోతుంది, మిగిలిందే అసలుకి. అంటే అతనిచ్చే రెండు వేలలో మొదటి నెల అసలు తగ్గేది 500 రూపాయలే. ఈ లెక్కన బాకీ తీరేసరికి ఇరవై మూడేళ్లు! డిక్రీ అమలు కోసం ఈపీ (అమలు పిటిషన్) వేయడానికి నీకున్న గడువేమో 12 ఏళ్లు. నోటిమాట మీద వాయిదాలు తీసుకుంటూ ఉంటే ఆ గడువు నీ కోసం ఆగదు. అదే నెలకు ఐదు వేలైతే ఆరేళ్లలో తేలిపోతుంది.

అతనిది నెల జీతం కదా. జీతం అటాచ్ చేయిస్తే, అంటే కోర్టు ద్వారా జీతంలోంచే పట్టుకునేలా చేస్తే, మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు అతనికి వదిలేయాలి. 31,000 జీతమైతే నీకు నెలకు 10,000 వస్తుంది. కొన్ని అలవెన్సులు లెక్కలోకి రావు. పైగా ఒక డిక్రీకి మొత్తం 24 నెలలే, ఆ తర్వాత అదే డిక్రీ మీద ఆ జీతం ముట్టుకోలేవు. అందుకే నేను వాయిదాలు వద్దనను. ఈ పది వేల సంగతి అతనికి తెలిసేలా మాట్లాడు, రెండు వేలు అవే ఐదో ఆరో అవుతాయి.

జైలు మాట మాత్రం ఎత్తకు. డబ్బుండీ ఎగ్గొడుతున్నాడని నువ్వు చూపించాలి. పైగా అతను లోపలుంటే తిండి ఖర్చు కట్టాల్సింది నువ్వే.

ఒప్పందం కుదిరితే ప్లీడరు గారి చేత కోర్టులోనే రికార్డు చేయించు. తీర్పు తర్వాత వాయిదాలు పెట్టాలంటే చట్టం నీ సమ్మతి అడుగుతుంది, కాబట్టి షరతులు నువ్వు పెట్టినవే. ఏ తేదీకి ఎంత, వరసగా రెండు తప్పితే మొత్తం బాకీ ఒకేసారి వసూలు చేసుకోవచ్చు అని స్పష్టంగా ఉండాలి. కోర్టు ఉత్తర్వులో వాయిదాలు ఉంటే, ఎగ్గొట్టిన వాయిదాకి 12 ఏళ్లు ఎగ్గొట్టిన రోజు నుంచి లెక్క.

డబ్బు బ్యాంకులోనే వేయమను. ఇది నా అనుభవం. పూర్ణా మార్కెట్‌లో నా కొట్టున్న రోజుల్లో ఒకాయన డిక్రీ బాకీ వాయిదాలు చేతికి ఇచ్చి వెళ్లేవాడు, నేను డైరీలో రాసుకునేవాణ్ణి. చివరికి నా డైరీలో తొమ్మిది, ఆయన లెక్కలో పన్నెండు. బయట కట్టినది కోర్టులో నమోదు కాకపోతే అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు, నమోదు చేయించుకోవడానికి ఆయనకున్నది 30 రోజులే. అంటే చట్టం నా వైపే ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా పెద్దాడు నసిగాడు, మూడుసార్లు తన చేతికే ఇచ్చాడని! మర్నాడే కోర్టుకు వెళ్లి ఆ మూడూ ముట్టినట్టు మెమో వేశాను. ఆయన మొహం చూడ్డానికి సిగ్గేసింది. అందుకే నీకు ముట్టినదల్లా నువ్వే కోర్టులో చెప్పాలి, అది డిక్రీదారు బాధ్యత కూడా.

అతను ఎప్పుడైనా చెక్కుతో పాటు "పూర్తి చెల్లింపు" అని రాసిన కాగితం తెస్తే సంతకం పెట్టకు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

సోమవారం డిక్రీ కాపీ, అతని జీతం స్లిప్పు వివరాలు ఏమైనా దొరికితే అవి పట్టుకుని రా. కోర్టు పని చూసుకుని భోజనానికి మనింటికే, అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది.

మీ మావయ్య