పార్కులో వాన నీళ్లు నిలవకుండా ఉండాలంటే లాన్ వేయించాలా, చెట్లు పెంచాలా?

విజయవాడలో మీ కాలనీ పార్కు అరగంట వానకే చెరువవుతోందని, లాన్ వేయిస్తే నీళ్లు ఇంకుతాయా అని అడిగారు. ఇంకవు. గుంటూరులో మేం ఆ డబ్బు ఖర్చు పెట్టి మరీ తెలుసుకున్న సంగతి ఇది.

మాది నల్లరేగడి. కొన్నేళ్ల కిందట మా కాలనీ సంఘం పార్కు మధ్యలోని గరికను, పిచ్చి మొక్కలను పీకించి, జానెడు మందాన ఎర్రమట్టి తోలించి, రోలరు తిప్పించి, లాన్ పరిపించింది. చూడటానికి ముచ్చటగానే ఉండేది. మొదటి ముసురుకే మడమలు మునిగేంత నీళ్లు నిలిచాయి. తూర్పు గోడ పక్కన, ఎవరూ పట్టించుకోని నాలుగు పాత కానుగల కింద మాత్రం చుక్క నిలవలేదు. అక్కడ నేల ఎత్తుగా ఉంది కాబట్టి అని సంఘంలో ఒకాయన తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది.

జూలైలో, రెండు మంచి వానలు పడ్డాక, పాలపొడి డబ్బా అడుగు కోయించి తీసుకెళ్లాను. మేలో ఈ పని చేయకూడదు. అప్పుడు రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది, ఎంత పోసినా గుటుక్కున మింగుతుంది. వానకు తడిసి, ఉబ్బి, నెర్రెలు పూడాకే దాని అసలు గుణం బయటపడేది. కానుగ కింద ఆకులు పక్కకు జరిపి డబ్బాను రెండు అంగుళాలు దింపి లీటరు నీళ్లు పోశాను. బుడగలు లేచాయి, ఆకు ముక్కలు గిర్రున తిరిగాయి, నాలుగు నిమిషాల్లో డబ్బా ఖాళీ. లాన్‌లో దింపి మళ్లీ లీటరు పోశాను. గడ్డిపోచ మీద ఒక చీమ తేలుతోంది. పావుగంట తర్వాత కూడా అది అక్కడే తేలుతోంది. అరగంటకు సగం నీళ్లు కూడా దిగలేదు. ఎత్తుపల్లాలకు దీనితో ఏం సంబంధం?

వారం వారం కోసే గడ్డికి వేళ్లు లోతుకు దిగవు. పైనేమో రోలరు, వందల కాళ్లు. ఎర్రమట్టి తడిసి నిండగానే కింద రేగడి మూత వేసేస్తుంది. చెట్టు కింద అలా కాదు. చచ్చిన వేళ్లు కుళ్లి నేలలో గొట్టాలు మిగులుతాయి, వానపాములు మరికొన్ని దారులు తొలుస్తాయి. మొదటి చినుకులను కొమ్మలే పట్టుకుంటాయి. రాలిన ఆకులు చినుకు దెబ్బ నేలకు తగలనివ్వవు. ఎండ కాసినప్పుడు చెట్టు నేలలోని తేమను తోడి ఆకుల గుండా వదిలేస్తుంది, దాంతో తర్వాతి వానకు నేలలో చోటు దొరుకుతుంది.

అలాంటి ఆకులను మనం చెత్త అంటున్నాం! రోజూ తెల్లవారుజామున నేల గీసుకుపోయేలా ఊడ్పించి, మూలన పోసి తగలబెడుతున్నాం. ఊడ్చే ఆమెను వద్దమ్మా అంటే, "ఒక్క ఆకు కనిపించినా నన్నే అడుగుతారు మాస్టారూ" అంది. తప్పు ఆమెది కాదు. చెట్టు మొదలు దాకా సిమెంటు పలకలు పరిచి పార్కును బాగుచేశామనేవాళ్లది.

2024 సెప్టెంబరులో మీ విజయవాడలోనే సింగ్ నగర్ మునిగింది కదా, చెట్లు ఆపగలిగేవా అని ఎవరైనా అడగవచ్చు. అది బుడమేరు వాగుకు గండ్లు పడి వచ్చిన వరద. దాన్ని ఏ పార్కూ ఆపలేదు. నేను చెప్పేది పార్కు మీద పడిన వాన అక్కడే ఇంకడం గురించి.

పిల్లలు ఆడుకునేంత మేర గడ్డి ఉంచండి, చాలు. మిగతా చోట కానుగ, వేప పెట్టండి, పల్లంలో నేరేడు. నీళ్లు జారే అంచున వట్టివేరు నాటండి, దాని వేళ్లు నిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి. మేం పడమటి వైపు లాన్ తీసేసి, వట్టివేరు నాటి, ఆకులు ఊడ్వడం మానేసి రెండేళ్లయింది. మొన్న జూలైలో అక్కడ డబ్బా పదకొండు నిమిషాల్లో ఖాళీ అయింది. మీరూ ఒక డబ్బా కోయించి రెండు చోట్ల దింపి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడే రాయండి.