కర్ర కొట్టే కాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది భాకరాపేట దగ్గరి పల్లె. మూడెకరాల వాలు చేనులో నీలగిరి (జామాయిల్) వేసి ఐదేళ్లు కావస్తోంది. అక్టోబరులో కొట్టిస్తే మంచి ధర ఇస్తానని ఒక వ్యాపారి అంటున్నారు. సంక్రాంతి దాటేదాకా ఆగమని మా నాయన అంటున్నారు. కొట్టే నెలను బట్టి నిజంగా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. మీ నాయనగారి మాటే వినమని నా సలహా.

మొదట నేల సంగతి చూడండి. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు ఒక్క రాత్రిలోనే కుండపోతగా కురుస్తాయి. సరిగ్గా ఆ నెలల్లో వాలు నేల మీది చెట్లన్నీ తీసేస్తే వాన చినుకుకు అడ్డుపడే ఆకు ఉండదు. తడి నేల మీద దుంగల ట్రాక్టరు తిరిగితే మట్టి గట్టిపడి నీరు ఇంకదు, చక్రాల గాడులే వాగులై పైమట్టిని కింది చెరువులోకి మోసుకుపోతాయి. కర్ర అమ్మిన డబ్బు మీకు వస్తుంది, పూడిక మాత్రం ఆ చెరువు కింద వరి నాటుకునే వాళ్లకు మిగులుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు నీట మునగడం, రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడి దిగువ పల్లెలను ఖాళీ చేయించడం మనమందరం చూశాం. ఆ వరదకు చెట్లు కొట్టడమే కారణమని నేను అనడం లేదు. అటువంటి వాన పడే నెలలో వాలు నేలను బోడి చేయవద్దని చెబుతున్నాను.

రెండోది మోడు సంగతి. నీలగిరికి మోడు నుంచే మళ్లీ చిగురు వస్తుంది. బాగా చూసుకుంటే అదే వేరు మీద రెండో కోత, మూడో కోత కూడా తీయవచ్చు. ఆ చిగుళ్లు మొదట బతికేది వేళ్లలో దాచుకున్న ఆహారం మీదే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొడితే ఈశాన్య రుతుపవనాల తడి నేలలో ఇంకా ఉంటుంది, వాన వెలిసి బండి తిరగడానికి నేల గట్టిగానూ ఉంటుంది, ఎండలు ముదిరేలోగా చిగురు నిలదొక్కుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కొడితే మోడు ఎండి, బెరడు విడిపోయి, చిగుళ్లు పలచబడతాయి. జోరు వానల్లో కొడితే వదులుగా ఉన్న బెరడు గొడ్డలి దెబ్బకు చీలిపోతుంది, కోత మీద నీరు నిలిచి మోడు కుళ్లుతుంది. తడి కాలంలో బెరడు సులువుగా ఊడుతుంది కనుక వ్యాపారికి అప్పుడు పని తేలిక. బహుశా ఆయన తొందరకు అదీ ఒక కారణం. ఎప్పుడు కొట్టించినా నేలకు జానెడు ఎత్తు మించకుండా, రంపంతో, నీరు జారిపోయేలా కాస్త ఏటవాలుగా కోయించండి. రెండు మూడు నెలల తరువాత మోడుకు రెండు బలమైన చిగుళ్లు ఉంచి మిగిలినవి తీసేయండి, మేకలను ఏడాది పాటు అటు రానివ్వకండి. పక్క చేనులో సరుగుడు ఉన్నవారు ఈ లెక్క వేసుకోకూడదు. సరుగుడు మోడు సాధారణంగా చిగురించదు, మళ్లీ మొక్క నాటవలసిందే.

ఐదేళ్లకే కొట్టాలా, ఇంకా ఆగాలా అన్నది మీరు అడగలేదు కానీ అదీ ముఖ్యమే. చేనులో అక్కడక్కడ ఇరవై చెట్లకు గుర్తు పెట్టి, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీసి, ఏడాది తరువాత మళ్లీ కొలవండి. ఈ ఏడాది పెరిగిన కర్ర, నాటిన నాటి నుంచి వచ్చిన సగటు పెరుగుదల కంటే ఎక్కువగా ఉన్నంత కాలం ఆగడమే లాభం. అవసరం తరుముతున్నప్పుడు ఈ లెక్క పక్కన పడిపోతుందని నాకు తెలుసు. పిల్లల ఫీజు చెట్టు వయసు చూసి రాదు. కనీసం తూకం విషయంలో నష్టపోవద్దు. కొట్టిన కర్ర ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది కనుక, టన్నుల లెక్కన అమ్మేవారు కొట్టిన వెంటనే తూకం వేయాలని ముందుగానే కాగితం మీద రాయించుకోవాలి. కొన్ని ఊళ్లలో జనవరిలో చెరకు కొట్టి బెల్లం వండే పని ఉంటుంది కాబట్టి కూలీలను ముందే మాట్లాడుకోండి. ఆకు, బెరడు తగలబెట్టకండి, చెట్టు నేల నుంచి తీసుకున్న సారంలో పెద్ద భాగం వాటిలోనే ఉంటుంది. వాలుకు అడ్డంగా వరుసలుగా పరచండి. అడవి అంచున మాత్రం పోగు వేయవద్దు, ఫిబ్రవరి నుంచి కొండకు నిప్పు భయం మొదలవుతుంది. చేనులో వేప, చింత వంటివి కూడా ఉంటే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం (వాల్టా) కింద ముందుగా అనుమతి తీసుకోవాలేమో అటవీ రేంజి కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: వెదురును అమావాస్య దగ్గర కొడితే పుచ్చదంటారు. నిజమేనా?

జవాబు: పుచ్చు పురుగు వెతుక్కునేది వెదురులోని పిండి పదార్థాన్ని. అది రుతువును బట్టి, గడ వయసును బట్టి మారుతుందన్నది బలమైన మాట. చంద్రుడి దశను బట్టి మారుతుందనడానికి అంత గట్టి ఆధారం లేదు. మూడేళ్లు నిండిన గడలను వానాకాలం పోయాక కొట్టి, కొన్ని వారాలు చెరువు నీటిలో నానబెట్టడం మన పెద్దల పద్ధతి, పిండి నీటిలో కరిగిపోతుంది కనుక అది పనిచేస్తుంది. వానాకాలంలో కొత్త కొమ్ములు (లేత మొలకలు) లేస్తున్నప్పుడు పొదలోకి దిగితే అవి విరిగి, రాబోయే ఏళ్ల గడలు పోతాయి. బుట్టలు, తడికెలు అల్లుకుని బతికే కుటుంబాలకు ఆ నష్టం మూడేళ్ల తరువాత తెలుస్తుంది.

ప్రశ్న: శేషాచలంలో ముదిరిన ఎర్రచందనాన్ని ప్రభుత్వమే కొట్టి అమ్మితే ఖజానా నిండుతుంది కదా, దొంగల పాలు చేయడం ఎందుకు?

జవాబు: ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలంలో కొంత భాగం 1989 నుంచి శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010 నుంచి ఈ కొండలు జీవావరణ రక్షిత ప్రాంతం. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, ఎక్కడ, ఎప్పుడు, ఎంత కొట్టాలో చెప్పే, ఆమోదం పొందిన కార్యాచరణ ప్రణాళిక లేకుండా ఏ అడవిలోనూ చెట్టు కొట్టే వీలు లేదు. చట్టాన్ని పక్కన పెట్టినా, చెట్టు కాలం వేరు. చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. వేసవిలో పూసిన పూతకు కాయ పక్వమయ్యేది మరుసటి ఏడాది ఫిబ్రవరి, మార్చిలోనే. దొంగలు ఏరి ఏరి కొట్టేది చేవ పట్టిన చెట్లనే, అంటే విత్తనమిచ్చే తల్లిచెట్లనే, అదీ ఏ నెల అని చూడకుండా. మిగిలిన చిన్న చెట్లు విత్తనానికి వచ్చేసరికి ఒక తరం గడుస్తుంది. ప్రభుత్వం కొట్టినా చెట్టుకు ఆ నష్టం తప్పదు. మనుషులకు కలిగిన నష్టం కూడా మరువరానిది: 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో, ఎర్రచందనం కొట్టడానికి వచ్చారన్న ఆరోపణపై, పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ కర్ర అమ్ముకునే న్యాయమైన దారి సొంత పొలంలో పెంచడమే. అయితే నాటిన రోజునే పట్టాదారు పాసు పుస్తకం నకలు, మొక్కల లెక్క భద్రపరచుకోండి. కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, ఇరవై ఐదేళ్ల తరువాత ఆ కాగితాలే మీ చెట్టు కొండ మీది చెట్టు కాదని చెబుతాయి.