తొమ్మిదిలోనే ఆపమని అడగనా?

ప్రశ్న: మేడం, మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి వచ్చాడు. మూడంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో భాగించమంటే దిక్కులు చూస్తాడు. అయినా ఏటా పాస్ చేసి పైకి పంపుతూనే ఉన్నారు. ఫెయిల్ చేయడం మానేశారు కాబట్టే పిల్లలు ఇలా తయారయ్యారని మా ఆయన అంటారు. వీణ్ణి ఈ ఏడాది తొమ్మిదిలోనే ఆపేయమని హెడ్మాస్టర్ గారిని అడగనా? పది కాగానే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలని వాడి ఆశ. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, మార్కాపురం

జవాబు: అడగొద్దమ్మా. ఆపినంత మాత్రాన భాగహారం రాదు.

మీ ఆయన మాటలో సగం నిజం ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ అదే తరగతిలో ఆపకూడదని 16వ సెక్షన్‌లో చెప్పింది. ఆ చట్టంలోనే 24వ సెక్షన్ కూడా ఉంది. ఒక్కో పిల్లవాడు ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నాడో టీచరు చూసుకుని, అవసరమైతే అదనంగా చెప్పాలని అందులో ఉంది. మొదటిదానికి రిజిస్టరులో ప్రమోటెడ్ అని రాస్తే చాలు. రెండోదానికి మనిషి కావాలి, టైము కావాలి. చాలా బళ్ళలో మొదటిదే జరిగింది. నా కోపమంతా దానిమీదే.

ఫెయిల్ చేసిన రోజులూ చూశాను. నేను బడిలో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. తప్పినవాళ్ళలో మళ్ళీ బడికొచ్చి కూర్చున్నవాళ్ళు తక్కువ. మీ వైపు పలకల గనుల్లోనో, మిరప కోతల్లోనో కనబడేవాళ్ళు. ఆడపిల్లలకైతే సంబంధాలు చూసేవాళ్ళు. తిరిగొచ్చిన కొద్దిమందికీ అదే పుస్తకం, అదే పాఠం. ఎక్కడో నాలుగో తరగతిలో తప్పిపోయిన లెక్కను వెనక్కి వెళ్ళి నేర్పినవాళ్ళు లేరు.

2019లో చట్టాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టాలి, తప్పినవాళ్ళకు విడిగా చెప్పి రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెట్టాలి, అప్పుడూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టం. 2024 డిసెంబరులో కేంద్రం తన కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఆపే పద్ధతి తెచ్చింది. ఆ సవరణలో నాకు విలువైనవిగా కనిపించేవి ఆ రెండు నెలలే. నిజంగా చెబితే రెండు నెలల్లో భాగహారం వచ్చి తీరుతుంది.

పాస్ శాతాలు చూసి కూడా ఒక నిర్ణయానికి రాకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పదో తరగతి 94.88 శాతం పాసయ్యారు. తర్వాతి రెండేళ్ళూ కరోనా వల్ల పరీక్ష లేకుండానే అందరూ పాస్. 2022లో 67.26 శాతం. ఆ బ్యాచ్ పిల్లలు ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ వార్షిక పరీక్ష రాయకుండా పదికి వచ్చారు, ఫోన్ లేని ఇళ్ళలో పాఠాలూ అందలేదు. దెబ్బ తగిలింది నిజమే. కానీ 2019లో 20 ఇంటర్నల్ మార్కులూ, బిట్ పేపరూ ఉండేవి. 2022 నాటికి రెండూ తీసేశారు. రూలు మార్చినప్పుడల్లా శాతం మారుతుంది, పిల్లల చదువు ఒక్క ఏడాదిలో అంత మారదు.

ఇప్పుడే ఎందుకు తొందరపడాలంటే, పదిలోకి వెళ్ళాక ఎవరికీ తీరిక ఉండదు. డిసెంబరుకల్లా స్పెషల్ క్లాసులు, స్టడీ అవర్లు మొదలవుతాయి. వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి, 35 మార్కులు ఎక్కడ దొరుకుతాయో అవే చెబుతారు. నా సర్వీసులో లెక్కలకైతే గ్రాఫు, సరూప త్రిభుజ నిర్మాణం. స్కేలు, వృత్తలేఖిని పట్టడం అలవాటైతే మార్కులు పడేవి. టీచర్లను తప్పుపట్టను, మీటింగుల్లో శాతం అడిగేది వాళ్ళనే. కానీ గ్రాఫు గీసి గట్టెక్కిన పిల్లవాడికి భిన్నాల కూడిక రాదు. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్‌లో 120 మార్కులకు 50 లెక్కలవే. ఎలక్ట్రికల్‌లో మొదట ఎదురయ్యే ఓమ్ నియమమే భాగహారం, వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది.

ఈ వారమే బడికెళ్ళి లెక్కల టీచర్ని కలవండి. ఫార్మేటివ్ పరీక్షల జవాబు పేపర్లు తీసి చూపించమనండి. ఎన్ని మార్కులొచ్చాయని కాదు, ఏ తరగతి లెక్క దగ్గర ఆగిపోయాడో అడగండి. ఇంట్లో రోజూ అరగంట చాలు. ముందు ఎక్కాలు, తర్వాత అప్పు తెచ్చుకునే తీసివేతలు, అవి నిలబడ్డాక భాగహారం, ఆ పైన భిన్నాలు. ఐదో తరగతి పుస్తకం చూస్తే సిగ్గుపడతాడు, అట్ట వేసి ఇవ్వండి. ఫౌండేషన్ కోర్సంటూ నడిపే ట్యూషన్లకు ఇప్పుడే పంపొద్దు, అక్కడ వీడికి అందని పాఠాలు చెబుతారు.

రేపు పదిలో ఒక సబ్జెక్టు పోయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో అది ఒక్కటే రాసుకోవచ్చు. ఆ భయంతో వాణ్ణి కొట్టొద్దు, పోల్చొద్దు. బడికి మీ ఆయన్నీ తీసుకెళ్ళండి, ఆ పేపర్లు ఇద్దరూ చూడాలి. దసరా సెలవుల నాటికి ఏ లెక్క దాకా వచ్చాడో నాకు మళ్ళీ రాయండి.