తాత పేరు పెట్టుకున్న జాడీ

లండన్‌లో ఇరవై రెండేళ్లుగా పాత చైనా పింగాణీ కొని అమ్ముతున్న బందరు ఆడపడుచు మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మేడమ్, మేం లండన్ పక్కన హారోలో ఉంటాం. ఆదివారం సంతలో నీలం, తెలుపు జాడీ ఒకటి 15 పౌండ్లకి కొన్నాను. పగిలిన మంచులా నీలి గీతలు, వాటి మీద తెల్లపూలు. మూత లేదు, అంచున చిన్న పెచ్చు లేచింది. అడుగున రెండు నీలి వలయాల మధ్య నాలుగు అక్షరాలున్నాయి. ఆఫీసులో చైనా స్నేహితుడు ‘కాంగ్‌షీ’ అని చదివాడు, అది పాత చైనా చక్రవర్తి పేరట. అంటే 300 ఏళ్లు దాటినట్టే కదా? బాగా తోమించి, పెచ్చుకి రంగు వేయించి, ‘కాంగ్‌షీ కాలం’ అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాను. ఫొటోలు పంపాను. - హారో పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ప్రకటన ఆపండి. మీ జాడీ చైనాదే, పాతదే, అందమైనదే. కాంగ్‌షీ కాలానిది మాత్రం కాదు. ఫొటోల్లో నాకు కనిపించినంతలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఐరోపాకి ఎగుమతైన రకం. అప్పట్లో ఇంగ్లండ్‌లో నీలం, తెలుపు పింగాణీ అంటే జనం పడిచచ్చేవారు. ‘అల్లం జాడీలు’ అని పేరుపడ్డ ఇలాంటివి ఓడలకి ఓడలు వచ్చాయి.

మీ స్నేహితుడు తప్పు చదవలేదు, అక్కడ రాసింది కాంగ్‌షీ అనే. ఆ చక్రవర్తి పేరుతో ఏళ్లు లెక్కపెట్టింది 1662 నుంచి 1722 వరకు. కానీ ఆ కాలంలో చేసిన మామూలు పాత్రల మీద ఆయన పేరే అరుదు. పింగాణీకి పేరుపడ్డ చైనా ఊరు జింగ్‌డెజెన్‌లో 1677లో ఒక అధికారి, పాత్రల మీద చక్రవర్తి పేరు రాయకూడదని కట్టడి చేశాడు. పాత్ర పగిలితే ఆ పేరు చెత్తలో పడి మైలపడుతుందని! అందుకే అప్పటివాటి అడుగున ఖాళీ వలయాలో, ఆకు బొమ్మో, లేదంటే రెండొందల ఏళ్లు వెనకటి మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరో ఉంటుంది. ఆస్థానం కోసం చేసినవాటి మీద కాంగ్‌షీ పేరు సాధారణంగా ఆరు అక్షరాల్లో ఉంటుంది. మంచు మీద పూలు, అడుగున నాలుగక్షరాల కాంగ్‌షీ, ఈ రెండూ కలిసి కనిపిస్తే నా ఆలోచన పందొమ్మిదో శతాబ్దం నుంచే మొదలవుతుంది. చేసినవాళ్లు పాతవాళ్ల పనితనం మీద గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారు. మనం తాత పేరు మనవడికి పెట్టుకోమూ? అంతమాత్రాన తాత వయసు మనవడికి వచ్చేస్తుందా?

వయసు కావాలంటే అక్షరాల చుట్టూ చూడండి. మంచం మీద మందంగా తువ్వాలు పరిచి జాడీని బోర్లించండి. అడుగున పూత లేని చుట్టు ఉంటుంది కదా, దాన్ని వేలితో మెల్లిగా తడమండి. నూరేళ్లు బల్లల మీద జరిగిన చుట్టు నున్నబడి ఉంటుంది, అదీ అంతటా ఒకే తీరున కాదు. మట్టిలోకి ఇంకిన మురికి తడిగుడ్డకి రాదు. కొత్త సరుకుకి పూసిన మురికి చాలాసార్లు గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. తర్వాత భూతద్దంతో భుజం దగ్గర చూడండి. వాడకంలో పడ్డ గీతలు ఎటు పడితే అటు ఉంటాయి. ఉప్పుకాగితం పెట్టి రుద్దినవైతే ఒకే దిక్కున సాగుతాయి. చివరికి బందరు సంతలో మా అమ్మ కుండ కొన్నట్టు వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే సరే, బొదబొదమంటే ఎక్కడో సన్న బీట దాగుందని అనుమానించండి.

ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని బ్రిటిష్ మ్యూజియం 95వ గదికి వెళ్లండి, టికెట్ లేదు. సర్ పెర్సివల్ డేవిడ్ సేకరించిన దాదాపు 1,700 పాత్రలు అక్కడున్నాయి. ఆయన పుట్టింది మన బొంబాయిలో, ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం. 1351 నాటి తేదీ రాసి ఉన్న పెద్ద జత కూజాలు అక్కడే ఉన్నాయి. తొలినాటి నీలం, తెలుపు పింగాణీకి కాలం కట్టేవాళ్లంతా వాటినే కొలబద్దగా పట్టుకుంటారు. పదిహేనో శతాబ్దం మొదట్లోవి కూడా చూడండి. నీలం చిక్కబడ్డ చోట నల్లటి చుక్కలు పూతలోకి దిగినట్టుంటాయి. అవి కొలిమిలో వాటంతటవే ఏర్పడ్డవి. మూడొందల ఏళ్ల తర్వాత వాటిని అనుకరించినవాళ్లు అవే చుక్కలు కుంచెతో పెట్టారు. పక్కపక్కన చూస్తే తేడా మీ కంటికే తెలుస్తుంది.

ఇక ఆ పెచ్చు సంగతి. దయచేసి రంగు వేయించకండి. ఈ వ్యాపారంలోకి వచ్చిన రెండో ఏడు ఒక దుకాణంలో పెద్ద పళ్లెం కొన్నాను. ఉన్న డబ్బంతా దానికే పెట్టాను. ఇంటికొచ్చి చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే, అంచున జానెడు మేర వేరే రంగులో వెలిగింది. సూదిమొనతో తాకితే మిగతా చోట్ల జారిన మొన అక్కడ మెత్తగా దిగింది. పగిలిన అంచుని జిగురుతో అతికి రంగు చల్లారు. వెనక్కి తీసుకెళ్తే, ‘కొనేముందు చూసుకోలేదా?’ అన్నారు. ఆ రాత్రి ఏడ్చాను. అప్పటినుంచి నా దగ్గర అమ్మే ప్రతి వస్తువు చీటీ మీద పెచ్చు, బీట, అతుకు ఉన్నవన్నీ నా చేత్తోనే రాస్తున్నాను.

మీరూ అలాగే రాయండి: ‘కాంగ్‌షీ ముద్ర, పందొమ్మిదో శతాబ్దం చివర, మూత లేదు, అంచున ఒక పెచ్చు.’ వేలం పుస్తకాల్లో ‘మార్క్ అండ్ పీరియడ్’ అని ఉంటే ముద్రా, కాలమూ ఒకటే అని అర్థం. ఉత్త ‘కాంగ్‌షీ ముద్ర’ అంటే పేరు మాత్రమే. తెలిసిన కొనుగోలుదారు ఆ ఒక్క మాటతోనే ధర కడతాడు. ఆసియా వస్తువులు తెలిసిన రెండు మూడు వేలం సంస్థలకి ఫొటోలు పంపి, కమిషన్, ఫొటో ఖర్చు, బీమా ఎంతో ముందే అడగండి. తోమడం అంటారా, ప్లాస్టిక్ తొట్టెలో గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు చాలు. బ్లీచింగ్ వద్దు, గిన్నెలు కడిగే యంత్రం అసలే వద్దు.

ప్రశ్న: అక్కయ్యగారూ, మా తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన పెద్ద జాడీ మూడు తరాలుగా మా ఆవకాయ జాడీ. గోధుమరంగు, మెడ చుట్టూ నాలుగు చెవులు, పొట్ట మీద డ్రాగన్. అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపాలని ఉంది. ఈమధ్య అడుగున తెల్లగా పొట్టు రాలుతోంది. - కాకినాడ పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇలాంటివాటిని బర్మా రేవు పేరుమీద మర్తబాన్ జాడీలంటారు. చాలావరకు దక్షిణ చైనాలో చేసినవే, బర్మాలోనూ చేశారు. తాతగారు తెచ్చేనాటికే అది పాతదై ఉండొచ్చు. నూరేళ్లు నిండితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, చైనాదైనా సరే. అప్పుడు మీరు దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ముందు భారత పురావస్తు శాఖవారికి చూపించండి. పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తేనే పంపండి.

ఆ తెల్ల పొట్టు ఉప్పు. ఊరగాయ ఉప్పు మట్టిలోకి ఇంకి, ఆరినప్పుడల్లా బయటికొస్తూ పూతని లేపేస్తోంది. ఈ ఏడు ఆవకాయ వేరే జాడీలో పెట్టండి. దీన్ని మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ, తెల్లదనం తగ్గాక నీడలో ఆరనివ్వండి. ఎత్తేటప్పుడు అడుగున రెండు చేతులూ వేసి ఎత్తండి. ఆ చెవులు మూత కట్టడానికి పెట్టినవి, బరువు మొయ్యవు.