నడవా లేని ఇల్లు

చిరంజీవికి ఆశీస్సులు.

1420 నాటి ఇంగ్లండ్‌లోని కెంట్ రైతు ఇంట్లో నీవు నడిపిన కథను రెండుసార్లు చదివాను. చనిపోయిన బిడ్డ చొక్కాను కోడలు మడతపెట్టే చోటు బాగుంది. కానీ ఆ అర్ధరాత్రి ఆమె మేడ మీది నడవాలో చప్పుడు కాకుండా నడిచి, ఇంటి రెండో కొసన పడుకున్న తమ్ముణ్ణి లేపిందని రాసిన చోట కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ కాలపు అటువంటి ఇంట్లో ఆ నడవా ఉండదు.

నీవు ఉత్తరంలో పేర్కొన్న, బేలీఫ్ అనే పేరున్న పాత రైతు ఇంటినే తీసుకో. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర చాలావరకు 15వ శతాబ్ది తొలినాళ్లలో కట్టిన ఆ ఇంటిని, బో బీచ్ జలాశయ నిర్మాణం కారణంగా 1960ల చివర విప్పి, తర్వాత ససెక్స్‌లోని సింగిల్టన్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా అలా విప్పి కూర్చగలగడం వడ్రంగుల పనితనం వల్లనే సాధ్యమైంది. పచ్చి ఓక్ దుంగ కొనను నాలుకలా చెక్కి, ఎదుటి దుంగలో తొలిచిన గాడిలోకి దించి, కర్ర చీల దిగగొట్టారు. బరువంతా మోసేది ఆ చట్రమే. గోడలు తడికల మీద మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తినవి.

నడిమి హాలు నేల నుంచి కప్పు దాకా ఖాళీ. నిప్పు నేల మీదే మండుతుంది. పొగగొట్టం లేనందున పొగ వాసాలను నల్లబరుస్తూ కప్పు సందులలోంచి వెలుపలికి పోతుంది. కిటికీలకు అద్దాలు లేవు. మేడగదులు రెండు కొసలలో మాత్రమే ఉన్నాయి కనుక, ఒకదాని నుంచి మరొకదానికి పోవాలంటే కిందికి దిగి, హాలు దాటి, మళ్లీ ఎక్కాలి. అంటే నీ కోడలు నిప్పు పక్కన మేలుకొని ఉన్న మామ ఎదుటి నుంచే నడవాలి. నీ కథకు కావలసిన భయమంతా ఆ పది పన్నెండు అడుగులలో ఉండగా, దానిని నడవా కట్టి తప్పించావు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. పంపే మాట తర్వాత, ముందు నా అనుభవం విను. నా తొలి నవల కోసం ఒక వడ్రంగి వెంట వేసవంతా తిరిగి, మండువా లోగిలిలో ఏ దూలం ఏ స్తంభం మీద కూర్చుంటుందో, వంటింటి గుసగుస మండువా మీదుగా వసారాకు ఎలా చేరుతుందో నేర్చుకొని నాలుగు పుటలు రాశాను. పాఠకులకు మనుషులు కావాలి గాని దూలాలు కాదంటూ ఒక సంపాదకుడు ఆ పుటలను కొట్టివేశాడు. దాంతో నవలలో వసారాలోని ముసలాయనకు రహస్యం ఎలా తెలిసిందో ఎవరికీ అర్థం కాలేదు. నిందలు నాకు వచ్చాయి. ఆ గాయం నేటికీ మానలేదు. వర్ణన అంటేనే ముఖం చిట్లించే నేటివారిని చూసినా అదే మంట.

ఆ రాత్రిని మళ్లీ రాయి. పొగగొట్టాన్నీ, కిటికీ అద్దం మీది వాన చినుకులనూ తీసివెయ్యి. ఆమె మెట్లు దిగే వేళకు నిప్పు కణకణలాడుతున్నదో, బూడిద కప్పుకున్నదో ముందుగా తేల్చుకో. మామ ఆమె ముఖం చూశాడా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.