రెండో ఆల్బమ్ మొదలుపెట్టబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

గోలనే సంగీతంగా మలిచే మీ నాయిస్ రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్ రికార్డింగ్‌కి అల్లవరం వైపు కొబ్బరి గోదాము మాట్లాడుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. మొదటిదానికి రెట్టింపు గట్టిగా ఉండాలని మీరంతా పట్టుబట్టారట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో కొన్నాళ్లు, తర్వాత మన కోనసీమ తీర్థాల్లో మైకు సెట్ల దగ్గర చాలా ఏళ్లు, నా బతుకంతా శబ్దంతోనే గడిచింది. వాల్యూమ్ పెంచితే పాటకి బలం రాదు. చెవి చాలా త్వరగా అలవాటు పడిపోతుంది. మొదటి సెకను నుంచి చివరిదాకా మీటరు ఎర్రగీత మీదే ఉంటే, మూడో పాటకల్లా వినేవాడికి ఏదీ గట్టిగా అనిపించదు.

నువ్వు నాకు పంపిన, అమెరికా నాయిస్ రాక్ బ్యాండ్ ద జీసస్ లిజర్డ్ ఆల్బమ్ ‘గోట్’ మళ్లీ విను. 1991లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ అది. 9 పాటలు, మొత్తం అరగంట. రికార్డ్ చేసింది షికాగో ఇంజనీరు స్టీవ్ ఆల్బినీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు నన్ను పట్టేసినవి డ్రమ్స్, బేస్. ఎంత గోలలోనూ అవి తొణకవు. గిటారు సన్నగా, పదునుగా గీరుతుంది. గాయకుడు డేవిడ్ యౌ గొంతు ఆ మధ్యలో ఎక్కడో కూరుకుపోయి అరుస్తుంటుంది, సగం మాటలు తెలియవు. మిక్స్‌లో ఆ గొంతుని పైకి లాగి ఉంటే ఆ ఉక్కిరిబిక్కిరి పోయేది. 1989 నాటి వాళ్ల మొదటి రికార్డులో డ్రమ్ మెషీన్ ఉండేది. మాక్ మక్‌నీలీ వచ్చి డ్రమ్స్ వెనక కూర్చున్నాకే ఈ పట్టు దొరికిందని నా నమ్మకం.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి భుజాల మీద మోసుకెళ్లే ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి వాహనాలు, కౌశిక నది దాటడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నీళ్లలో దిగి మోసేవాళ్లు ‘అశ్శరభ’ అని కేకలేస్తుంటే ఎవరి గొంతూ విడిగా తెలియదు. డప్పు మాత్రం అడుగు తప్పదు. తప్పితే ప్రభ ఒరిగిపోతుంది. మీ మొదటి ఆల్బమ్‌లో కేకలేసేవాళ్లే ఉన్నారు, డప్పు లేదు. ఈసారి ఏ పాటలో ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోండి. ఒక్కోసారి అది గిటారుదీ కావచ్చు, అప్పుడు డ్రమ్స్ చెలరేగిపోనీ.

నలుగురూ ఒకే చోట, ఒకేసారి వాయించండి. ఒక్కొక్కరు విడిగా వాయించి తర్వాత అతికించే పద్ధతి ఈ సంగీతానికి పనికిరాదు. మద్రాసులో ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే రోజుల్లో ఒకరు తప్పితే అందరూ మొదటికి రావాలి. అందుకే ప్రతివాడి చెవీ పక్కవాడి మీద ఉండేది. మీకు కావలసింది అదే. కొబ్బరి పీచు బస్తాలు ఒక గోడ వైపే పేర్చి, ఎదుటి గోడ ఖాళీగా వదలండి. పీచు శబ్దంలోని పైభాగాన్ని పీల్చేస్తుంది. చుట్టూ పేరిస్తే డ్రమ్స్ చచ్చిపోతాయి. దగ్గర మైకులు కాక, దూరంగా నేల దగ్గర రెండు పెట్టి గదిని కూడా రికార్డ్ చేయండి.

ఫీడ్‌బ్యాక్‌ని, అంటే ఆంప్ (యాంప్లిఫయర్) శబ్దం తిరిగి గిటారులోకే వెళ్లి లేచే కూతని, అదృష్టానికి వదలొద్దు. గిటారు ఆంప్‌కి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉంటే ఏ స్వరం లేస్తుందో రిహార్సల్‌లోనే పట్టుకుని, నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకో.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ ఉన్న విషయం. అక్కడ చుట్టూ రొయ్యల చెరువులు. నీళ్లలో ఆక్సిజన్ రాత్రిళ్లే తగ్గుతుంది కాబట్టి నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ అప్పుడే తిరుగుతాయి, వోల్టేజి పడిపోతుంది. పగలే రికార్డ్ చేసుకోండి. ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హమ్ (సన్నటి గుంయ్‌మనే మోత), గిటారు శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్‌లోంచి పదింతలై వస్తుంది. హమ్ పోవాలని ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎవరినీ తీయనివ్వకు. గిటారు పట్టుకున్నవాడు పెదవి మైకుకి ఆనిస్తే షాక్ కొట్టేది ఇలాంటి చోటే, తడినేల మీద ప్రాణమే పోవచ్చు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించండి. ఆంప్‌లు చెక్కపలకల మీద ఉండాలి.

చెవుల సంగతి కూడా విను. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఓర్చుకునే చెవికి, 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే గడువు. మూసిన గోదాములో డ్రమ్ కిట్ ఒక్కటే ఆ 100 దాటేస్తుంది. దూది పనికిరాదు, మంచి ఇయర్‌ప్లగ్స్ కొనండి. నాతో పాటు మైకు సెట్లు నడిపినవాళ్లలో కొందరికి ఇప్పుడు మనవల మాటలు వినపడవు. నీకా గతి పట్టకూడదురా.

ఏరియేటర్ చప్పుడు రికార్డ్ చేసి పాటల మధ్యలో పెడతామన్నావు. నాకది నచ్చలేదు. చెరువు గట్టు మీద కూర్చుని ఆ రెక్కలు నీటిని కొట్టే లయ విని, దాన్ని బేస్ మీద వాయించు. పాశర్లపూడి బ్లోఅవుట్ మీద, అంటే మన దగ్గర గ్యాస్ బావి పేలి మంటలు లేచిన ప్రమాదం మీద, పాట రాస్తున్నావని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. 1995 జనవరి నుంచి మార్చి దాకా, 60 రోజులకు పైగా ఆ మంట ఆగలేదు. నువ్వప్పటికి పుట్టలేదు. పాట రాసేముందు మీ అమ్మనీ, ఆ పక్క ఊళ్లలో పెద్దవాళ్లనీ అడిగి, వాళ్లన్న మాటలే మన యాసలోనే పెట్టు.

మొత్తం 35 నిమిషాలు మించనీయకు. మిగిలిన పాటలు బాగున్నా పక్కన పెట్టండి.

తేదీలు ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి. ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని ముందురోజే వస్తాను, ఎర్త్ చూసుకున్నాకే సామాను దింపుదాం.

దీవెనలతో,
మీ మావయ్య