కేస్ షీట్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. గుండెపోటు రావడంతో నాలుగు నెలల క్రితం హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. మరో డాక్టరుకు చూపిద్దామని నేను కేస్ షీట్ నకలు అడిగితే, రోగి వివరాలు రహస్యమంటూ నెల రోజులుగా తిప్పుతున్నారు. కాగితాలు చేతికి వచ్చాకే వెళ్దామని ఆగాం. ఈలోగా కడుపులో మంట అన్నారు. డిశ్చార్జి కాగితాలు వాట్సాప్ గ్రూపులో పెడితే, ఒక బంధువు చెప్పిన మీదట రక్తం పలచబడే రెండు మాత్రల్లో ఒకటి పది రోజులుగా ఆపాం. నాన్న కంగారు పడే మనిషి. ఆయనకు తెలియకుండా నేనే రికార్డులు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: మీరు అడిగింది రికార్డుల గురించి. మాటల మధ్యలో చెప్పి వదిలేసిన మాత్ర విషయమే నన్ను భయపెడుతోంది.

గుండెపోటు తర్వాత స్టెంటు వేసినవారికి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటి రెండో మందును సాధారణంగా ఏడాది వరకు కొనసాగిస్తాం. స్టెంటు లోహపు జాలీ. రక్తనాళం లోపలి పొర దాన్ని పూర్తిగా కప్పేవరకు దానిమీద హఠాత్తుగా గడ్డ కట్టే ముప్పు ఉంటుంది. కట్టిందంటే మరో గుండెపోటే, అది మొదటిదానికన్నా ప్రమాదకరం కావచ్చు. రక్తస్రావం భయం ఉన్నవారికి గడువు తగ్గిస్తాం కానీ, అది రోగిని చూసిన గుండె డాక్టరు తేల్చవలసిన విషయం. మీరు ఏ మాత్ర ఆపారో రాయలేదు. మలం నల్లగా వస్తోందా, వాంతిలో రక్తం పడిందా అన్నదీ తెలియదు. అందుకే మళ్లీ మొదలుపెట్టమని ఇక్కడినుంచి చెప్పలేను. ఈ రోజే స్టెంటు వేసిన డాక్టరుతో, ఆయన దొరకకపోతే మరో గుండె డాక్టరుతో మాట్లాడండి. మంటకు షాపులో అడిగి ఒమెప్రజోల్ కొనకండి. అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. నొప్పి మాత్రలూ వద్దు.

కాగితాల కోసం నెల రోజులు ఆగడం పొరపాటు, ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను. డిశ్చార్జి సమరీ మీ దగ్గరే ఉంది. వాడుతున్న మాత్రల అట్టలు ఉన్నాయి. ఈసీజీ, ఎకో మళ్లీ తీయవచ్చు. కొత్త డాక్టరు చికిత్స మొదలుపెట్టడానికి ఇవి చాలు. యాంజియోగ్రామ్ సీడీ తర్వాత ఇచ్చినా ఫర్వాలేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నాను, మన వైపు కుటుంబాలు రోగిని ఇంట్లో కూర్చోబెట్టి కాగితాల వెంట తిరుగుతాయి.

ఇక రికార్డులు. ఆయనకు తెలియకుండా తీసుకోవడం కుదరదు, కుదరకూడదు కూడా. మీ నాన్నగారు స్పృహలో ఉన్నారు, తిరుగుతున్నారు. ఆ వివరాలు ఆయనవి. కొడుకైనా సరే, ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా ఇవ్వబోమంటే ఆసుపత్రిది తప్పు కాదు. ఆయనే సంతకం పెట్టి అడిగినా రహస్యమంటూ నిరాకరిస్తే మాత్రం తప్పే. గోప్యత రోగిని కాపాడటానికి పెట్టుకున్నది, రోగి నుంచే దాచడానికి కాదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి లేదా ఆయన అధికారమిచ్చిన వ్యక్తి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి.

నాన్నగారికి నెమ్మదిగా విషయం చెప్పండి. ఇన్‌పేషెంట్ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాసి ఆయన సంతకంతో దరఖాస్తు పెట్టండి. మీరు తెచ్చుకునేట్లయితే అనుమతి లేఖ, ఇద్దరి గుర్తింపు పత్రాలు జతచేయండి. రెండో ప్రతి మీద ‘అందింది’ అని ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు. నోటిమాటగా తిరిగినదానికి రుజువు ఉండదు. అప్పటికీ ఇవ్వకపోతే తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. మీ కేసు పూర్వాపరాలు నాకు తెలియవు కాబట్టి అవసరమైతే న్యాయవాదిని అడగండి.

ఆ వాట్సాప్ గ్రూపు గురించీ ఒక మాట. పెళ్లి సంబంధం చూస్తున్నామంటూ ఒక అమ్మాయి చికిత్స వివరాలు అడిగినవారు నాకు ఫోన్ చేశారు. చెప్పలేదు. కోర్టు ఆదేశిస్తేనో, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉంటేనో, క్షయలాంటి వ్యాధిని ప్రభుత్వానికి తెలియజేయవలసి వస్తేనో తప్ప మేం నోరు విప్పకూడదు. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం మరీ కఠినం. మేం ఇంత జాగ్రత్తగా దాచేదాన్ని మీరే ఫొటో తీసి నలుగురికీ పంపితే, ఎవరి ఫోన్ల నుంచి ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆ ఫొటోలు తీసేయండి, తీసేయమని మిగతావారినీ అడగండి.

ఈలోగా ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేయి లేదా దవడ లాగడం ఏది కనిపించినా కడుపు మంట అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. మలం నల్లగా వచ్చినా అంతే. వెళ్లేటప్పుడు ఆపిన మాత్ర అట్ట కూడా వెంట తీసుకెళ్లండి.